పన్నెండు దాటి మూడు నిమిషాలు

ఏప్రిల్ 5, శనివారం

పన్నెండు దాటి మూడు నిమిషాలు. నాలుగు కాదు, అయిదు కాదు. ఫోనులో చూసుకున్నాను.

పొద్దున వాయిస్తుండగా క్లారినెట్ అడుగు మీట కింద ఉండే మెత్త ఊడి పడింది. అది లేకపోతే కింది స్వరాలేవీ పలకవు, గాలి బుస్సుమంటుంది అంతే. ఒంటిగంటన్నరకి, మా దేశం నుంచే వచ్చిన మిరే అక్క పియానోతో రిహార్సల్. ఈ ఊరు మొత్తానికి ఊదే వాద్యాలు బాగుచేసే కొట్టు ఒక్కటే, గబోరీ గారిది. ట్రామ్ దిగి పరిగెత్తాను. తలుపుకి గడియ. అద్దం వెనక అట్టముక్క మీద చేతిరాత. మంగళవారం నుంచి శుక్రవారం దాకా తొమ్మిదిన్నర నుంచి పన్నెండు, మళ్ళీ రెండున్నర నుంచి ఆరున్నర. శనివారం పన్నెండు దాకా. ఆది, సోమ సెలవు.

అంటే మూడు నిమిషాలకి మూడు రోజులు.

పోనీ మనిషి లేడా అంటే ఉన్నాడు. కౌంటరు వెనక బల్ల దగ్గర మెడకి గుడ్డ కట్టుకుని తింటున్నాడు. తలుపు కొట్టాను. తలెత్తి చూశాడు. క్లారినెట్ పెట్టె పైకెత్తి చూపించాను. ఆయన చేతిలో ఉన్న ఫోర్కుతో గోడ గడియారాన్ని చూపించి, మూతి తుడుచుకుని, మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

మా దేశంలో, సియోల్‌లో అయితే సాయంత్రం ఏడింటికి ఇస్తే తొమ్మిదింటికి ఇంటికే తెచ్చిస్తారు, పైగా ఆలస్యమైందని వంగి క్షమాపణ చెబుతారు.

మే 20న పై తరగతికి పరీక్ష. ఏడు సీట్లు. రాకపోతే ఈ వేసవితో వీసా సరి, మా ఊరు డేగు వెళ్ళి చిన్నపిల్లలకి ట్యూషన్లు చెప్పుకోవాలి. రోజుకి ఆరు గంటలు వాయించాల్సిన రోజుల్లో ఊదడానికి నా దగ్గర ఏమీ లేదు.

అందుకని ఆ కొట్టు గురించి ఫోనులో అభిప్రాయం రాశాను. ఒకే ఒక్క నక్షత్రం. అర నక్షత్రం ఇచ్చే వీలుంటే అదే ఇచ్చేదాన్ని. "మూడు నిమిషాలు ఆలస్యమైతే మూడు రోజులు ఆగాలట. లోపలే ఉండి, నన్ను చూస్తూ, మూతి తుడుచుకుని మళ్ళీ తిన్నాడు. ఇది కొట్టు కాదు, భోజనశాల. సంగీతకారుల అవసరం వాద్యం బాగుచేసేవాడికే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" కింద 'బాటసారి' అని పేరు పెట్టాను. నిఘంటువు పక్కన పెట్టుకుని రాశాను. ఈ దేశం వచ్చాక నేను రాసిన ఫ్రెంచిలో ఇదే బాగా కుదిరింది.

కోపంతో రాసింది కాదు. నలుగురికీ పనికొస్తుందని రాశాను.

ఏప్రిల్ 6, ఆదివారం

అన్నీ మూసే ఉన్నాయి. నేను బాగానే ఉన్నాను.

ఏప్రిల్ 7, సోమవారం

బ్యాంకు మూసి ఉంది. రొట్టెల కొట్టు మూసి ఉంది. జుట్టు కత్తిరించే ఆవిడా లేదు. తపాలా ఆఫీసు తెరిచే ఉంది గానీ నా పార్సిలు ఇచ్చే కిటికీ మూసి ఉంది.

మిరే అక్క ఒక్కతే పియానో వాయించింది, నేను పక్కన కూర్చుని నోటితో పాడాను. మధ్యలో ఆపేసి నవ్వింది.

"ఏమే, ముఖం అలా మాడ్చుకున్నావు? పియానో ఏం పాపం చేసింది?"

"సోమవారం కూడా సెలవేంటక్కా వీళ్ళకి?"

"శనివారం పనిచేశారుగా."

"శనివారం పన్నెండు దాకానే!"

"ఆ పన్నెండు దాకా చేసినందుకే." పియానో మూత మూసి నా వైపు తిరిగింది. "నాకు ఆరేళ్ళయిందే పిల్లా ఇక్కడ. మొదటి ఏడాది నేనూ తలుపులు బాదాను. రెండో ఏడాది తిట్టుకున్నాను. మూడో ఏడాది నుంచి పన్నెండయితే చాలు, నాకే ఆకలేస్తోంది."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నాకు మూడేళ్ళ వ్యవధి లేదు, ఆరు వారాలే ఉంది.

ఏప్రిల్ 8, మంగళవారం

తొమ్మిదిన్నర కాకముందే తలుపు ముందు నిలబడ్డాను. తొమ్మిదీ ముప్పైకి తీశాడు, ఇరవైతొమ్మిదికి కాదు.

నేను లోపలికి వెళ్ళగానే క్లారినెట్ తీశాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. "బొంజూర్" అని పలకరించి ఊరుకున్నాడు. నేనూ బొంజూర్ అన్నాక అప్పుడు చెయ్యి చాపాడు. ఆ మెత్త పది నిమిషాల్లో పెట్టేశాడు. చేతులు చూస్తూ ఉండిపోయాను. ఆయనకి డెబ్భై దాటి ఉంటాయి, వేళ్ళు మొద్దుగా ఉన్నాయి, కానీ నా వేళ్ళకంటే నిదానం తెలిసినవి. మిగతా మెత్తలు కూడా పాతబడ్డాయట. పరీక్ష దాకా వారానికోసారి తెచ్చి చూపించమన్నాడు.

శనివారం సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ అభిప్రాయం తీసేద్దామనుకున్నాను. పాస్‌వర్డ్ గుర్తురాలేదు.

ఏప్రిల్ 17, గురువారం

ఇవాళ క్లారినెట్ చూడటం అయ్యాక వెంటనే తిరిగి ఇవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"అమ్మాయ్, కొట్ల గురించి జనం ఏవేవో రాస్తారట కదా. నీ ఫోనులో కనిపిస్తాయా అవి?"

"కనిపిస్తాయి."

"నా మీద ఎవరో రాశారట. మా అమ్మాయి నాంత్ నుంచి ఫోను చేసి సగం చదివింది. సగంలో ఆపేసి, వదిలెయ్ నాన్నా అని పెట్టేసింది. వదిలెయ్ అంటే ఎలా? మిగతా సగం ఏముందో తెలియాలి కదా. కాస్త మొదటినుంచి చదివి పెట్టు."

నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఫోను తెరవడానికి చాలాసేపు పట్టినట్టు నటించాను. కనిపించలేదని చెప్పొచ్చు. చెప్పలేదు, ఎందుకో తెలియదు. నేను రాసింది నేనే, ఎవరిదో అన్నట్టు, పైకి చదివాను. ఆ మూతి తుడుచుకున్న మాట దగ్గరికి వచ్చేసరికి చదవకుండా దాన్ని మింగేశాను. భోజనశాల మాటా మింగేశాను. మూడు నిమిషాలు, మూడు రోజులు అన్నదీ, చివరి వాక్యమూ చదివాను. ఆ రెండూ మర్యాదగానే ఉన్నాయి కదా.

"అంతేనా?" అన్నాడు.

"అంతే."

కొంచెంసేపు నన్నే చూశాడు. "బాగా చదువుతావు. ఫ్రెంచి బాగుపడింది నీది" అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా బయటికొచ్చాను. పెద్ద మాటలు రెండూ తీసేశాను కాబట్టి ఆయనకి అంతగా తగిలి ఉండదు.

ఏప్రిల్ 24, గురువారం

అట్ట మారింది.

కొత్త అట్ట, కొత్త సిరా. తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర దాకా, విరామం లేదు. 'విరామం లేదు' కింద గీత గీశాడు.

మిరే అక్కకి చెప్పాను. అట్ట సంగతే కాదు, రాసింది నేనేనని కూడా. అక్క పియానో మీద చేతులు అలాగే ఉంచేసింది.

"గబోరీ కొట్టా? పన్నెండుకి తెరిచి ఉందా? ఏమే, నువ్వు చేసిన పని ఇక్కడివాళ్ళు విప్లవాలు చేసి కూడా చేయలేదే."

"మంచిదేగా అక్కా. అందరికీ మంచిదే."

"అందరికీ అంటే ఎవరికి?"

పుస్తకంలో పేజీ వెనక్కి తిప్పాను. మొదటి భాగం మళ్ళీ మొదటినుంచి వాయించాం.

మే 2, శుక్రవారం

నిన్న పండగ, రేపు శనివారం, కాబట్టి మధ్యలో ఇవాళ కూడా ఊరు మూసేశారు. గబోరీ గారి కొట్టు ఒక్కటే తెరిచి ఉంది, దీపం వేసుకుని.

పన్నెండుంబావుకి వెళ్ళాను. ఆయన నిలబడి తింటున్నాడు. రొట్టెముక్క ఎడమ చేతిలో, స్క్రూడ్రైవర్ కుడిచేతిలో. మెడకి గుడ్డ లేదు. కళ్ళ కింద నల్లగా ఉంది. ఈ వారం పన్నెండు రెండున్నర మధ్య ఎంతమంది వచ్చారని అడిగాను.

"ఇద్దరు" అన్నాడు. "ఒకాయన స్టేషనుకి దారి అడిగాడు."

"రెండో మనిషి?"

"నువ్వే."

తీసేయాలి. పాస్‌వర్డ్ మా అమ్మ పుట్టినరోజే. గుర్తుంది.

మే 9, శుక్రవారం

పరీక్ష అయ్యాక తీసేస్తాను. ఇప్పుడు ధ్యాస చెదిరితే కష్టం.

మే 16, శుక్రవారం

రాయడానికి చేతులు రావడం లేదు, అయినా రాస్తాను.

నిన్నటినుంచి చూపుడువేలి మీట నెమ్మదిగా లేస్తోంది, స్ప్రింగు బలహీనపడింది. తరగతి అవగానే పన్నెండుంబావుకి వెళ్ళాను. రెండున్నరకి వెళ్ళొచ్చు. విరామం లేదని రాసుంది కదా అని అప్పుడే వెళ్ళాను. ఆయన సగం రొట్టె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. పాత స్ప్రింగుని పట్టుకారుతో వెనక్కి నెడుతున్నాడు. ఒకసారి ఆవలించాడు. కళ్ళద్దాలు ముక్కు మీదకి జారాయి, వాటిని మోచేత్తో పైకి తోసుకున్నాడు. అప్పుడే టక్కుమంది.

మీటని నిలబెట్టే చిన్న లోహపు గుంజ మొదలు దగ్గర విరిగింది. దాని చుట్టూ చెక్క కూడా చిన్న పెచ్చు లేచింది.

ఆయన పట్టుకారు బల్ల మీద పెట్టాడు, చాలా మెల్లగా, అది కూడా విరుగుతుందేమో అన్నట్టు.

"నలభై ఆరేళ్ళ పనిలో మొదటిసారి" అన్నాడు. కాసేపటికి, "పారిస్ నుంచి గుంజ రావాలి. బుధవారానికి ముందు రాదు" అన్నాడు. పరీక్ష మంగళవారం అని ఆయనకి తెలుసు. ప్రతివారం నేనే చెబుతూ వచ్చాను.

లోపలికి వెళ్ళి పాత పెట్టె ఒకటి తెచ్చాడు. ఊరి బ్యాండులో ముప్పై ఏళ్ళు వాయించిన ఆయన సొంత క్లారినెట్. "ఇది కొంచెం బద్ధకంది, ముందుగా ఊపిరి ఇవ్వాలి. నాలాంటిది" అన్నాడు. నవ్వబోయాడు, రాలేదు. "క్షమించు అమ్మాయ్" అన్నాడు.

క్షమించు అని ఆయన నాతో అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "పరవాలేదండీ, ఎవరికైనా జరుగుతుంది" అన్నాను.

మే 17, శనివారం

ఆరు గంటలు వాయించాను. ఈ క్లారినెట్ నా కంటే ఒక క్షణం ఆలస్యంగా మొదలవుతుంది. పెదవి పగిలింది.

మిరే అక్క అడిగింది, "చెప్పావా ఆయనకి?" అని.

"పరీక్ష అయ్యాక."

"సరే" అంది. అక్క సరే అంటే ఎంత భయంగా ఉంటుందో.

మే 18, ఆదివారం

అన్నీ మూసే ఉన్నాయి. బాగానే ఉన్నానని రాయడానికి ఇవాళ సిగ్గుగా ఉంది.

మే 19, సోమవారం

రిహార్సల్ నుంచి వస్తూ ఆ వీధిగుండా నడిచాను. దారి కాదది, చుట్టు. సోమవారం కాబట్టి కొట్టు మూసి ఉండాలి. తలుపు మూసే ఉంది గానీ వెనక బల్ల మీద దీపం వెలుగుతోంది. ఆయన నా క్లారినెట్ మీద వంగి ఉన్నాడు. సన్నటి ఇత్తడి ముక్కని ఆకురాయితో అరగదీస్తున్నాడు. నలభై ఆరేళ్ళుగా సెలవు తీసుకునే రోజున, నా కోసం గుంజ చెక్కుతున్నాడు.

తలుపు కొట్టాను. ఈసారి గడియారం చూపించలేదు, లేచి వచ్చి తీశాడు.

"బొంజూర్" అన్నాడు.

"బొంజూర్. అది రాసింది నేను" అన్నాను. ఒకే ఊపిరిలో అనేశాను, ఆగితే ఇంక అనలేనని. "ఆ ఒక్క నక్షత్రం. ఆ బాటసారిని నేనే. అది రాయకపోతే మీరు అట్ట మార్చేవాళ్ళు కాదు, నిలబడి తినేవాళ్ళు కాదు, ఆ గుంజ విరిగేది కాదు. నేనే విరగ్గొట్టాను."

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆయన కుర్చీ లాగి నా వెనక పెట్టాడు.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఆ శనివారం పన్నెండు దాటాక నా తలుపు కొట్టింది నువ్వొక్కదానివే. అప్పటికి అనుమానం. మా అమ్మాయి చదివిన సగంలో నేను మూతి తుడుచుకోవడం ఉంది. నువ్వు చదివినప్పుడు మూతే లేదు. దాంతో అనుమానం తీరింది."

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

"ఏమనాలి? తినడం నిజమే, తుడుచుకోవడమూ నిజమే. గుడ్డ ఉన్నది అందుకేగా." ఇత్తడి ముక్క వైపు చూశాడు. "ఆ మాటకి నాకు కోపం రాలేదు. చివర ఇంకోటి ఉంది చూడు. సంగీతకారుల అవసరం వాద్యం బాగుచేసేవాడికే తెలియకపోతే అని. అక్కడిదాకా మా అమ్మాయి చదవలేదు. అది నువ్వు చదివావు."

నేను మర్యాదగా ఉందనుకున్న వాక్యం. నా నోటితో, తప్పుల్లేకుండా, ఆయన ముఖం మీదే చదివాను.

"ఆ రాత్రి ఆలోచించాను" అన్నాడు. "పిల్ల తొమ్మిది వేల కిలోమీటర్లు దాటి వచ్చింది, నేను తలుపు దాకా నాలుగడుగులు వేయలేదు కదా అనిపించింది. అందుకే అట్ట మార్చాను. నిన్ను సాధించడానికి కాదు."

"ఇవాళే తీసేస్తాను" అన్నాను.

"ఉంచు. అన్నీ మెచ్చుకోళ్ళే ఉంటే జనం నమ్మరట, మా అమ్మాయే అంటుంది."

మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు. నేను పక్కన దీపం పట్టుకుని కూర్చున్నాను. గుంజ దాదాపు ఆకారానికి వచ్చింది. ఇంకో పావుగంట పడితే అయిపోయేదేమో. అప్పుడు చర్చి గంటలు పన్నెండు కొట్టాయి. ఆయన చేతులు వింటున్నట్టు ఆగాయి, మళ్ళీ కదలబోయాయి. అలవాటు ఆపమంటోంది, అవమానం కదలమంటోంది. నాకు కనిపించింది.

"పన్నెండయింది" అన్నాను. "తినండి."

"రేపు నీ పరీక్ష."

"ఆ అట్ట ఎక్కడుంది? పాతది."

ఆయన సొరుగు చూపించాడు. తీశాను. మూలలు అరిగి, ఎండకి పసుపుపచ్చగా అయింది. కొత్తదాన్ని తలుపు మీంచి తీసి పాతది తగిలించాను. ఆరు వారాల క్రితం ఏ అట్టని చూసి పళ్ళు నూరానో దాన్ని నా చేత్తోనే సరిగ్గా, వంకర లేకుండా.

ఆయన మెడకి గుడ్డ కట్టుకున్నాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. ఉడికించిన పప్పు, డబ్బా చేపలు, వెన్న రాసుకుని తినే ముల్లంగి. మా ఊళ్ళో పన్నెండుకి ఏం తింటారని అడిగాడు. ఏదైనా తింటాం గానీ ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో పని చేస్తాం అన్నాను.

"తినాల్సిన వేళ పని చేస్తే ఏమవుతుందో శుక్రవారం చూశావుగా" అన్నాడు. ఈసారి నవ్వొచ్చింది ఆయనకి. నాకూ వచ్చింది.

తిన్నాక కుర్చీలోనే నిద్రపోయాడు. గురక కూడా. ఎవరూ తలుపు కొట్టలేదు.

రెండున్నరకి లేచి, గుంజ పెట్టి, వేలితో ఒకసారి కదిపి చూసి తీసేశాడు. "ఇది నిలబడదు. ఇక్కడ నిలబడినట్టే ఉంటుంది, రేపు అక్కడ ఊడుతుంది. నాది తీసుకెళ్ళు."

పన్నెండుకి ఆపకపోయినా ఇదే చెప్పేవాడా అని అడగలేదు.

మే 20, మంగళవారం

వాయించాను. రెండో భాగంలో ఒక పైస్వరం కీచుమంది. ఆ క్లారినెట్ ముందుగా ఊపిరి అడుగుతుందని గుర్తుంచుకుని మిగతా అంతటా ముందుగానే ఊపిరి ఇచ్చాను. మిరే అక్క నా కోసం ప్రతి చోటా ఒక క్షణం ఆగింది. అలసటగా ఉంది. ఇంకేమీ లేదు రాయడానికి.

మే 22, గురువారం

పదకొండున్నరకి ఫలితాలు అతికించారు. ఏడు పేర్లు. ఏడో పేరు నాది. రెండుసార్లు చదివాను, మూడోసారి వేలు పెట్టి చదివాను. మిరే అక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఆఖరిదాన్నక్కా."

"ఆఖరిదైనా గుమ్మం లోపలే ఉన్నావుగా. పో, ఆయనకి చెప్పు."

ట్రామ్ కోసం ఆగలేదు. వీధి మలుపు తిరిగేసరికి గంటలు కొడుతున్నాయి. తలుపు దగ్గరికి వచ్చేసరికి పన్నెండు దాటి ఒక నిమిషం. గడియ వేసి ఉంది. పాత అట్ట ఉంది.

ఆయన బల్ల దగ్గర కూర్చుని మెడకి గుడ్డ కట్టుకుంటున్నాడు. నన్ను చూశాడు. కనుబొమలు పైకెత్తాడు, ఏమైంది అని. వెంటనే గుడ్డ విప్పేసి, బల్ల మీద చెయ్యి ఆనించి లేవబోయాడు.

నేను తల అడ్డంగా ఊపాను. అద్దంలోంచి గోడ గడియారాన్ని వేలితో చూపించాను.

ఆయన గడియారాన్ని చూశాడు, నన్ను చూశాడు. మెల్లగా కూర్చుని గుడ్డ మళ్ళీ కట్టుకున్నాడు.

ఎదురు బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఒళ్ళో ఆయన క్లారినెట్ ఉంది. రెండున్నరకి తలుపు తీస్తాడు. ముందు బొంజూర్ చెప్పాలి, తర్వాతే ఏదైనా. ఇప్పుడు పన్నెండుంబావు. రొట్టెల కొట్టు కూడా మూసేసినట్టున్నారు, పొద్దున కొన్న ముక్క సంచిలో ఉండాలి.

ఆకలేస్తోంది.